ఒక్క రోజులో రెండు దేశాల నయాగరా: అమ్మానాన్నలను తీసుకువెళ్లే వారికి నా సమాధానం

మీరు రాసిన వివరాలను ముందుగా క్లుప్తంగా చెప్పి, ఆ తరువాత సమాధానంలోకి వెళతాను. మీరూ మీ శ్రీమతిగారూ హెచ్-1బి (ఉద్యోగ వీసా) మీద న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నారు. తాడేపల్లిగూడెం నుంచి మీ అమ్మానాన్నలు సందర్శకుల వీసా మీద వచ్చారు. నాన్నగారికి 70 ఏళ్లు, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. అమ్మగారికి 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులతో పాటు షుగరు కూడా ఉంది. నయాగరాకు తెల్లవారుజామున బయలుదేరి అదే రాత్రి తిరిగి వచ్చే బస్సు ఒకటి ఉందని, గైడు కూడా వెంట ఉంటాడని, అమెరికా, కెనడా రెండు వైపులా చూపిస్తామంటూ 'ఒకే రోజులో రెండు దేశాలు' అని ప్రకటించారని, దానికి టికెట్లు తీసుకోవచ్చునా అని అడిగారు.

తీసుకోవద్దని నా సలహా. నేను 18 ఏళ్లుగా బఫెలోలో ఉంటున్నాను. జలపాతం మా ఇంటికి అరగంట దూరం కావడం వల్ల, మా బంధువులనూ స్నేహితుల తల్లిదండ్రులనూ తీసుకుని ఎన్నిసార్లు వెళ్లానో లెక్క పెట్టడం మానేశాను. గైడుతో వెళ్లడం మంచిదే; పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు నేనే అలా వెళ్లమని చెబుతాను. అయితే ఆ యాత్ర మొదలవవలసింది ఎడిసన్‌లో కాదు, జలపాతం పక్కన. మీ ఊరి నుంచి నయాగరాకు దాదాపు 400 మైళ్లు. కారులో ఆగకుండా వెళితే ఆరున్నర గంటలు పడుతుంది, బస్సు రెండు మూడు చోట్ల ఆగుతుంది కాబట్టి ఏడున్నర గంటలకు తక్కువ కాదు. రానూ పోనూ పదిహేను గంటల ప్రయాణం తీసేస్తే ఆ రోజులో జలపాతానికి మిగిలేది మూడు, నాలుగు గంటలు మాత్రమే. ఆ కాస్త సమయంలోనే సరిహద్దు దాటడం కూడా ఉందంటే, ఏ దేశం వైపూ నింపాదిగా నిలబడి చూసే అవకాశం ఉండదు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 2014లో మా అత్తగారినీ మామగారినీ న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది అలాంటి బస్సులోనే పంపించాడు. వాళ్లు ఉదయం 5 గంటలకు బయలుదేరారు. దారిలో ఒక బహుమతుల దుకాణం దగ్గర 50 నిమిషాలు ఆపారు. జలపాతం చేరేసరికి మధ్యాహ్నం 2 గంటలు దాటింది. పడవ దగ్గర వరుసలో గంటంబావు నిలబడ్డారు. పడవ దిగి పైకి వచ్చేసరికి బస్సు బయలుదేరే వేళయిందని గైడు తొందరపెట్టాడు. నేను వాళ్లను కలుద్దామని పులిహోర కట్టించుకుని వెళ్లాను. ఆ పొట్లాన్ని బస్సు మెట్ల మీద నిలబడి చేతికి అందించవలసి వచ్చింది. "నీళ్లు చూశాం బాబూ, కానీ కూర్చుని చూడలేదు" అని మా అత్తగారు అన్న మాట నేను మరచిపోలేదు. ఆ తరువాత ఎవరు అడిగినా నేను ఒక రాత్రి ఇక్కడ నిద్ర చేయమనే చెబుతున్నాను.

ఇప్పుడు రెండు దేశాల సంగతి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు కెనడా వైపు ఒక్క గంట నిలబడి రావాలన్నా కెనడా సందర్శకుల వీసా ఉండాలి. అమెరికా వీసా ఉన్నంత మాత్రాన కెనడాలోకి రానివ్వరు. గ్రీన్ కార్డు ఉన్నవారికి మాత్రం ఆ వీసా అక్కరలేదు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టూ కార్డూ చూపిస్తే చాలు. మీ నలుగురిలో ఎవరికీ గ్రీన్ కార్డు లేదు కనుక నలుగురికీ వీసాలు కావాలి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి, వేలిముద్రలు ఇవ్వాలి, అనుమతి వచ్చాక పాస్‌పోర్టు పంపి ముద్ర వేయించుకోవాలి. ఇదంతా ముగియడానికి వారాలు పడుతుంది. అమ్మానాన్నలు ఉండేది మరి రెండు నెలలే అయితే, ఒక పూట చూపు కోసం వాళ్ల పాస్‌పోర్టులను అన్ని రోజులు చేతి నుంచి వదలమని నేను చెప్పను. ఎలాగూ టొరంటోలో బంధువులు ఉన్నారు, వారం రోజులు అక్కడ ఉంటామంటే అది వేరే లెక్క. ఆ ప్రకటన ఇచ్చినవారిని ఒక్క ప్రశ్న అడిగి చూడండి: కెనడా వీసా లేని ప్రయాణికులను బస్సు సరిహద్దు దాటినప్పుడు ఎక్కడ ఉంచుతారు, ఎవరు తోడుంటారు? దీనికి తిన్నగా జవాబు రాకపోతే ఆ యాత్రను వదిలేయడమే మంచిది.

ఈ సందర్భంలోనే మన కుటుంబాలలో బాగా తిరిగే ఒక అపోహ గురించి చెప్పాలి. కెనడా వెళ్లి తిరిగి వస్తే అమెరికాలో మరో ఆరు నెలల గడువు దొరుకుతుందని చాలామంది నమ్ముతారు. 30 రోజుల లోపు కెనడా వెళ్లి వచ్చినవారిని మామూలుగా ఐ-94లో (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో తెలిపే నమోదులో) మిగిలి ఉన్న పాత గడువు మీదే లోపలికి రానిస్తారు. ఎంత గడువు ఇవ్వాలన్నది సరిహద్దు దగ్గరి అధికారి నిర్ణయం. ఆ ఆశతో పెద్దవాళ్లను సరిహద్దు దాటించవద్దు. ఇక మీ హెచ్-1బి స్టాంపు గడువు తీరి ఉంటే, మీరు దాటే ముందు మీ కంపెనీ న్యాయవాదితో తప్పక మాట్లాడండి. సొంత కారులో వచ్చేవారికి ఇంకొక జాగ్రత్త అవసరం. నయాగరా ఫాల్స్ పట్టణంలో కెనడాకు దాటించే రెయిన్‌బో వంతెన వైపు తీసుకుపోయే వరుసలోకి పొరపాటున వెళితే వెనక్కి తిరగడం కష్టం. ఫోన్ చెప్పే దారి కన్నా 'అమెరికాలో చివరి మలుపు' అని ఉండే బోర్డులను చూసుకుంటూ నడపండి.

కెనడా వైపుకు వెళ్లకపోతే అసలు చూడనట్టేనని మీకు ఎవరో చెప్పారని రాశారు. ఆ మాటలో సగం నిజం ఉంది. నయాగరా అంటే ఒక్క జలపాతం కాదు, మూడు. అమెరికన్ ఫాల్స్, దాని పక్కనే సన్నగా దూకే బ్రైడల్ వెయిల్, ఈ రెండూ పూర్తిగా అమెరికాలో ఉన్నాయి. మూడవది, అన్నిటికన్నా పెద్దది, గుర్రపు నాడా ఆకారంలో వంగిన హార్స్‌షూ ఫాల్స్. సరిహద్దు గీత దీని మీదుగానే పోతుంది, ఎక్కువ భాగం కెనడాలో ఉంది. నది నీటిలో పదింట తొమ్మిది వంతులు దీనిలోనే పడతాయి. ఎత్తు 57 మీటర్లు, వంపు పొడవు దాదాపు 670 మీటర్లు. కెనడా గట్టు ఎదురుగా ఉండడం వల్ల అక్కడి నుంచి మూడూ ఒకే చూపులో కనిపిస్తాయి. అమెరికా గట్టు జలపాతం పక్కన, భుజం మీద ఉన్నట్టు ఉంటుంది. ఇక్కడి నుంచి మొత్తం రూపం కనిపించదు, కానీ నీటికి చాలా దగ్గరగా నిలబడవచ్చు. ఫొటో కోసమైతే కెనడా వైపు మేలు. నది పక్కన నిలబడాలనుకునే గోదావరి జిల్లా మనిషికైతే నేను అమెరికా వైపే చూపిస్తాను.

ఎదురు చూపు బొత్తిగా లేకుండా పోతుందని కూడా అనుకోనక్కరలేదు. అమెరికా గట్టున ప్రాస్పెక్ట్ పాయింట్ దగ్గర అబ్జర్వేషన్ టవర్ నది మీదికి చొచ్చుకుని కట్టి ఉంటుంది, దాని కొన దాకా నడిస్తే అమెరికన్ ఫాల్స్ ఎదుటి నుంచి కనిపిస్తుంది. అదే టవర్‌లోని లిఫ్టులో కిందికి దిగితే 'మెయిడ్ ఆఫ్ ద మిస్ట్' పడవ ఎక్కవచ్చు. 1846 నుంచి ఈ పేరుతో పడవలు నడుస్తున్నాయి, ఇప్పుడు అమెరికా వైపు ఉన్నవి విద్యుత్తు పడవలు. ప్రయాణం ఇరవై నిమిషాలే. పడవ అమెరికన్ ఫాల్స్ ముందు నుంచి సాగి, హార్స్‌షూ వంపు లోపలికి వెళ్లి, నీటి హోరులో కాసేపు నిలబడుతుంది. కెనడా పడవ కూడా ఆ వంపులోకే వస్తుంది. ఇటువైపు వారికి నీలం రంగు ప్లాస్టిక్ కోట్లు, అటువైపు వారికి ఎరుపు రంగువి ఇస్తారు కాబట్టి ఎవరు ఏ దేశం నుంచి ఎక్కారో దూరం నుంచే తెలుస్తుంది. ఒడ్డున రెండు దేశాలుగా ఉన్న జలపాతం పడవలో ఉన్నవారికి ఒక్కటే. పడవలో కింది అంతస్తు వెనుక భాగంలో నిలబడితే అమ్మగారికి పట్టుకోవడానికి కమ్మీలు దొరుకుతాయి, తడవడమూ తక్కువ.

ఇక నేను సూచించే పద్ధతి ఇది. ముందు రోజు మధ్యాహ్నానికి బఫెలో గాని నయాగరా ఫాల్స్ పట్టణం గాని చేరుకోండి. నెవార్క్ నుంచి విమానంలో గంటన్నర లోపే పడుతుంది. కారులో వస్తే నాన్నగారి కాళ్లు పట్టేయకుండా రెండు గంటలకొకసారి ఆపండి. రాత్రి విశ్రాంతి తీసుకుని, మర్నాడు ఉదయం 9 గంటల ప్రాంతంలో ఇక్కడే బయలుదేరే చిన్న వ్యాను యాత్రను ఎంచుకోండి. పది పన్నెండు మందికి మించకూడదు. డబ్బు కట్టే ముందు నాలుగు సంగతులు అడిగి తెలుసుకోండి. పడవ టికెట్లు రుసుములో కలిసి ఉన్నాయా? జలపాతం దగ్గర నిజంగా ఎన్ని గంటలు ఉంటారు? గైడు మీతో పాటు నడుస్తాడా, లేక దింపి మళ్లీ ఫలానా వేళకు రమ్మంటాడా? మడత చక్రాల కుర్చీ వ్యానులో పడుతుందా? వీటిలో మూడవదే అన్నిటికన్నా ముఖ్యం. మంచి గైడు ఎక్కడ వరుస తక్కువగా ఉందో చూసి క్రమాన్ని మార్చుకుంటాడు. పెద్దవాళ్లకు అలా మిగిలే అరగంట ఎంతో విలువైనది.

మీరు గైడును అడగగలిగితే ఉదయం మొదట, జలపాతాల మధ్య ఉన్న గోట్ ఐలాండ్ అనే దీవిలోని టెర్రపిన్ పాయింట్‌కు తీసుకువెళ్లమనండి. ఇంద్రధనుస్సు కనబడాలంటే సూర్యుడు మన వీపు వైపు ఉండాలి. అమెరికా గట్టు నుంచి హార్స్‌షూ వంపులోకి చూసేవారికి అది ఉదయం వేళ కుదురుతుంది, కెనడా గట్టున ఉన్నవారికి మధ్యాహ్నం తరువాత కుదురుతుంది. అక్కడ రెయిలింగు పక్కన నిలబడి, పడుతున్న నీటిని కాకుండా, పడబోతున్న నీటిని చూడమని నాన్నగారికి చెప్పండి. నురగలు కక్కుతూ వచ్చిన నది ఆ అంచు దగ్గర ఒక్క క్షణం నునుపుగా మారుతుంది. వంగేచోట నీరు మందపాటి సీసా గాజులా ఆకుపచ్చగా ఉండి, చేయెత్తు కిందకు జారగానే తెల్లగా పగిలిపోతుంది. తుంపర ముఖం మీద పడుతూ ఉంటుంది, కమ్మీ వేసవిలోనూ చల్లగా తగులుతుంది. మా నాన్నగారు అక్కడ ఇరవై నిమిషాలు మాట్లాడకుండా నిలబడ్డారు. ఆయన కళ్లజోడును నేనే రెండుసార్లు తుడిచి ఇచ్చాను.

'కేవ్ ఆఫ్ ద విండ్స్' అన్నది బ్రైడల్ వెయిల్ పాదాల దగ్గరికి తీసుకువెళ్లే చెక్క మెట్ల దారి. లిఫ్టు 53 మీటర్లు కిందికి దింపుతుంది, ఆపైన తడిసిన మెట్లు ఎక్కుతూ పోతే చివరి వేదిక జలపాతానికి ఆరు మీటర్ల దూరంలోనే ఉంటుంది. ప్రతి శీతాకాలానికి ముందు ఈ మెట్లను విప్పేసి, వసంతంలో మళ్లీ కడతారు. మీరూ మీ శ్రీమతిగారూ తప్పక వెళ్లండి. అమ్మగారిని మాత్రం లిఫ్టు దిగాక కింది వేదిక దాకానే తీసుకువెళ్లండి, పై మెట్లు మోకాళ్లకు మంచివి కావు. చీర కన్నా చుడీదార్ మేలు. ఆ గాలిలో కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి. వాళ్లు ఇచ్చే రబ్బరు చెప్పులు వేసుకుంటే సొంత జోళ్లు తడవకుండా మిగులుతాయి. నడవలేనివారి కోసం పార్కులో ట్రాలీ బండి తిరుగుతూ ఉంటుంది, దిగినచోట కాసేపు ఉండి మళ్లీ ఎక్కవచ్చు. మీరు మెట్లెక్కే సమయంలో అమ్మానాన్నలను త్రీ సిస్టర్స్ దీవుల దగ్గర కూర్చోబెట్టండి. చిన్న వంతెనల కింద నుంచి నది రాళ్ల మీద పరుగెత్తుతూ పోతుంది, అక్కడ జనం తక్కువ, నీడ ఎక్కువ. పెద్దవాళ్లలో చాలామంది జలపాతం కన్నా ఆ చోటే బాగుందన్నారు.

అమెరికన్ ఫాల్స్ కింద అంత రాళ్ల గుట్ట ఎందుకుందని నాన్నగారు అడగవచ్చు. పైనుంచి విరిగిపడిన బండలవి. వాటిని తీసేయాలా అని చూడడానికి 1969 జూన్ నుంచి నవంబరు వరకు, అమెరికా సైన్యపు ఇంజినీర్లు ఎగువన కట్ట వేసి ఈ జలపాతాన్ని పూర్తిగా ఎండగట్టారు. నది అంతా ఆ నెలల్లో హార్స్‌షూ మీదుగా పోయింది. చివరకు బండలను అలాగే వదిలేయాలని నిర్ణయించారు.

ఎప్పుడైనా కెనడా వీసాలు చేతిలో ఉండి వస్తే, బస్సులో కన్నా రెయిన్‌బో వంతెన మీద నడిచి దాటడం బాగుంటుంది. 1941లో తెరిచిన వంతెన అది, పొడవు అర కిలోమీటరుకు లోపే. మధ్యలో సరిహద్దు గుర్తు కనిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు నడిచేవారు చిన్న టోలు కట్టాలి కనుక చిల్లర ఉంచుకోండి. పండ్లు, మాంసం వంటివి సంచిలో ఉంటే అధికారికి ముందే చెప్పండి. అటువైపు టేబుల్ రాక్ దగ్గర హార్స్‌షూ అంచుకు కొద్ది అడుగుల దూరంలో నిలబడవచ్చు, దాని కిందనే జలపాతం వెనుకకు పోయే సొరంగాలు ఉన్నాయి. ఆ యాత్రకు మాత్రం టొరంటో నుంచి బయలుదేరడమే సుఖం, దూరం 130 కిలోమీటర్లే కాబట్టి ఒక్క రోజు మాట అక్కడ నిజమవుతుంది.

అమ్మగారి షుగరు గురించి రెండు మాటలు. పడవ వరుసలో ఎండలో నిలబడవలసి వస్తే భోజన వేళ తప్పిపోతుంది. మాత్రలు, గ్లూకోజు బిళ్లలు చేతి సంచిలోనే ఉండాలి, కారులో కాదు. పెరుగన్నం గాని చపాతీలు గాని కట్టుకువెళితే పార్కులో బల్లల దగ్గర కూర్చుని తినవచ్చు. సందర్శకుల వైద్య బీమా అమెరికాలో చెల్లినా కెనడాలో చెల్లకపోవచ్చు, దాటే ఆలోచన ఉంటే ఆ పత్రం ముందే చదవండి.

చివరిగా, నాన్నగారి కోసం రాత్రి 10 దాకా ఉండండి. దీనికి కారణం ఆయన ఉద్యోగమే. మా నాన్నగారు కూడా కాలువల మీద పనిచేసినవారే కావడంతో, టెర్రపిన్ పాయింట్ దగ్గర నోరు విప్పగానే అడిగిన మొదటి ప్రశ్న "ఎన్ని క్యూసెక్కులు?" అన్నదే. దానికి ఇక్కడ కచ్చితమైన జవాబు ఉంది. 1950లో రెండు దేశాలూ చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 8 నుంచి రాత్రి 10 దాకా జలపాతం మీదికి కనీసం లక్ష క్యూసెక్కులు వదలాలి. సెప్టెంబరు 16 నుంచి అక్టోబరు ఆఖరు వరకు ఆ వేళ రాత్రి 8కే ముగుస్తుంది. మిగిలిన వేళల్లో, చలికాలంలోనైతే రోజంతా, 50 వేలు వదిలితే చాలు. తక్కినది సొరంగాల గుండా రెండు వైపులా ఉన్న విద్యుత్ కేంద్రాలకు పోతుంది. ఇందుకోసం హార్స్‌షూకు రెండున్నర కిలోమీటర్ల ఎగువన 18 గేట్ల నియంత్రణ ఆనకట్ట ఉంది. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 10 లక్షల క్యూసెక్కుల దగ్గర, 1986 వరదలో గోదావరి 35 లక్షలు దాటింది. అంత నీటిని చూసిన మనిషికి లక్ష ఒక లెక్క కాదు. అయితే ఆ లక్ష 57 మీటర్ల ఎత్తు నుంచి ఒక్కసారిగా పడడం ఆయన ఇంతవరకు చూసి ఉండరు.

చీకటి పడ్డాక కెనడా గట్టు నుంచి జలపాతం మీద రంగు దీపాలు వేస్తారు, అవి అమెరికా వైపు నుంచి కూడా కనిపిస్తాయి. వేసవిలో చాలా రాత్రులు 10 గంటలకు బాణసంచా కాలుస్తారు. అది ముగిశాక జనం వెళ్లిపోతారు. మీరు ప్రాస్పెక్ట్ పాయింట్ దగ్గర బెంచీ మీద మరికాసేపు కూర్చోండి. ఎగువన గేట్లు సర్దుకునే కొద్దీ నీరు మెల్లగా పలచబడుతుంది. మా నాన్నగారు గడియారం చూసుకుని, "ఇక దించుతున్నార్రా" అని, తమ లాకుల దగ్గర నిలబడ్డట్టే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.